శిథిలములలో శరణాలయము

రోము నగరమునకు పోవు మనదేశీయులు సాధారణముగా కొలోసియమును, సెయింట్ పీటర్సు దేవాలయమును, ట్రేవీ జలధారలను చూచి, వాని ముందు నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని, మూడవనాటికి ఫ్లోరెన్సుకో వెనిసుకో బయలుదేరుదురు. అల్పకాలములో అధికము చూడవలెనను ఆరాటము దూరదేశయాత్రికునకు సహజమే గనుక దానిని నేను తప్పుపట్టను. కాని పాంథియను మందిరపు వెనుకభాగమునుండి కదలి, బెర్నీనీ యను శిల్పాచార్యుని కల్పనానుసారముగా 1667లో నిలుపబడి తన చిన్న వీపుమీద ఈజిప్టుదేశపు ఏకశిలాస్తంభమును నేటికిని మోయుచున్న రాతియేనుగును దాటి, తూర్పుగా కొంత నడచి, గ్రాజియోలీ భవనము ప్రక్కనున్న సన్నని వీథిలో తలయెత్తి చూచినచో, గోడయంచున ఒంటరిగా నిలిచియున్న చలువరాతి పిల్లియొకటి కంటబడును. ఆ వీథికి ఆ పిల్లి పేరే పెట్టిరి.

ఏనుగు మోయు స్తంభమును, ఈ పిల్లియు ఒకే చోటివని చెప్పుదురు. పూర్వము ఆ ప్రాంతమున ఐసిస్ దేవికి ఆలయముండెడిది. ఈజిప్టునుండి ధాన్యముతోపాటు దేవతలును రోమునకు నౌకలలో వచ్చిన కాలమది. ఆ రాతిపిల్లి చూపు పడినచోట నిధి కలదని నగరవాసులలో నొక కథ తరతరములుగా నడచుచున్నది. నిధి మాత్ర మెవరికిని దొరకలేదు. మానవునికిని మార్జాలమునకును గల చెలిమి ఈ నగరముకంటె మిక్కిలి ప్రాచీనమైనది. సైప్రసు ద్వీపమున తొమ్మిదివేల అయిదువందల యేండ్లనాటి సమాధిలో ఒక మనుష్యుని అస్థిపంజరమునకు చేరువనే పిల్లి అస్థిపంజరము బయల్పడినట్లు పురాతత్త్వవేత్తలు 2004లో ప్రకటించిరి. పాంపేయీ నగరమున అగ్నిపర్వతపు బూడిదక్రింద దాగి, నేడు నేపుల్సు ప్రదర్శనశాలలో నున్న రంగురాళ్ల చిత్రములో ఒక పిల్లి పక్షిని పట్టుకొని యున్నది. దానిని కూర్చిన శిల్పి పిల్లిని ఎంతకాలము కన్నార్పక చూచియుండెనో ఆ పంజా బిగువే చెప్పును. ఇంత దీర్ఘమైన సహవాసము గల ప్రాణి మనుష్యుని వాకిట అనాథ యగుట యెట్లు సంభవించెనో, అట్టి అనాథలను చేరదీయువారు ఏమి చేయుదురో తెలిసికొనవలెనని నాకు చిరకాలముగ కుతూహలము. ఆ కుతూహలమే నన్ను అక్కడనుండి పడమరకు మరల్చి, లార్గో డి టోర్రే అర్జెంటీనా యను కూడలికి చేర్చినది.

ఆ కూడలి నలువైపుల బస్సులు, మోటారుసైకిళ్లు, తొందరలో నున్న జనము. నడుమ మాత్రము భూమి ఒక్కసారిగా దిగబడి, వీథిమట్టమునకు ఎన్నో అడుగుల లోతున, విరిగిన స్తంభములతోను పైన్ చెట్లతోను నిండిన విశాలమైన గొయ్యి. ముస్సోలినీ పరిపాలనలో పాత ఇండ్లను పడగొట్టి క్రొత్త కట్టడములు లేపుటకై త్రవ్వుచుండగా, 1926 మొదలు 1929 వరకు సాగిన ఆ పనిలో, రోము గణరాజ్యకాలపు దేవాలయములు నాలుగు బయటపడెను. వానిలో ఏది ఏ దేవతదో తేల్చుట కష్టమగుటచే పండితులు వానిని ఏ, బీ, సీ, డీ అని అక్షరములతో వ్యవహరింతురు. బీ యను గుండ్రని ఆలయమున ఆరు స్తంభములు నేటికిని నిలిచియున్నవి. క్రీస్తుపూర్వము 101లో యుద్ధవిజయము సిద్ధించినందులకు మ్రొక్కు తీర్చుకొనుచు కాటులస్ అను సేనాని దానిని కట్టించెననియు, అందలి దేవత ఫార్చూనా యనియు, అందునను ఆమె ఈ దినపు అదృష్టమునకు అధిష్ఠాత్రియనియు విజ్ఞులు నిర్ణయించిరి. ఆ గుడి వెనుకనే మట్టిరంగు రాళ్ల పునాది యొకటి కనబడును. పాంపే యను రోము సేనాని కట్టించిన సభామందిరపు శేషమది. క్రీస్తుపూర్వము 44, మార్చి 15వ తేదీన జూలియస్ సీజరు తన మిత్రుల కత్తులకు కూలినది అక్కడనే.

ఇంత చరిత్రను కటకటాలకు ఆనుకొని చదువుకొనుచున్న నాకు మొట్టమొదట కనబడినది చరిత్ర కాదు. ఈనాటి అదృష్టదేవత గుడిమెట్లపై ఎండకు పొట్టచాచి నిద్రించుచున్న బూడిదరంగు పిల్లి. దాని చెవి కొన కొద్దిగా కత్తిరింపబడి యుండెను. ఆ చూపుతోనే వెదకగా స్తంభపు పీఠముమీద ఒకటి, గడ్డిలో రెండు, సీజరు కూలిన పునాదిరాళ్లపై మూడుకాళ్లతో నెమ్మదిగ నడచుచున్నది మరియొకటి కనబడెను. కూడలియొక్క నైరృతి మూలను, డీ యను ఆలయమునకు చేరువను, క్రిందికి దిగు మెట్లున్నవి. ఆ మెట్ల చివరనే ప్రపంచమున పేరెన్నికగన్న పిల్లుల శరణాలయము కలదు.

త్రవ్వకములు ముగిసి పనివాండ్రు వెడలిపోయిన పిదప, వాహనములు చొరలేని ఆ పల్లపు నేలను నగరపు వీథిపిల్లులు ఒక్కటొక్కటిగా ఆక్రమించుకొనెనట. వాని వెంట ఆహారము మోసికొనివచ్చు స్త్రీలును వచ్చిరి. అట్టివారిని రోములో గత్తారలని పిలుతురు. వారిలో పెక్కురు పేదలు, వృద్ధురాండ్రు, ఒంటరివారు. లోకము వారిని వింతగా చూచుట అక్కడను కలదు. సుప్రసిద్ధ చలనచిత్ర నటి, ఆస్కారు బహుమానము పొందిన అన్నా మాన్యానీ సయితము, ఆ కూడలికి పడమటి ప్రక్కనున్న నాటకశాలలో పనిచేయు దినములలో ఈ పిల్లులకు తిండి పెట్టెడిదని ప్రతీతి. ఆ నాటకశాల సామాన్యమైనది కాదు. 1732లో తెరువబడి, 1816లో రోస్సినీ రచించిన సెవిల్ క్షురకుని సంగీతరూపకమునకు తొలి ప్రదర్శనశాల యైనది. మాన్యానీ 1973లో గతించెను. ఆమె వంటివారి వ్యక్తిగత దయ చాలక, ఏటేట పిల్లులు పెరిగి, పుట్టిన కూనలు రోగములతో కన్నులు పోగొట్టుకొని చచ్చుచుండగా, 1993లో లియా దెక్వెల్, సిల్వియా వివియానీ అను ఇరువురు స్త్రీలు పనికి ఒక క్రమమును తెచ్చిరి. అంతవరకు పెట్టుట మాత్రమే యుండెను. వీరు పట్టి, పరీక్షింపించి, సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించి, మరల విడుచుటయు, విడువరాని వానిని ఇండ్లకు ఇచ్చుటయు ఆరంభించిరి.

వారికి తోడుగా నిలిచినది 1991 ఆగస్టు నెలలో ఇటలీ దేశము చేసిన 281వ సంఖ్యగల చట్టము. వీథిలో స్వేచ్ఛగా బ్రదుకు పిల్లులను హింసింపరాదనియు, తీవ్రవ్యాధిగాని నయముకాని వ్యాధిగాని కలిగినప్పుడు తప్ప చంపరాదనియు, ప్రభుత్వ పశువైద్యశాఖ వానికి శస్త్రచికిత్స చేసి వాని సమూహములోనికే తిరిగి పంపవలెననియు ఆ చట్టము శాసించినది. అనగా ఒక పిల్లిగుంపునకు తాను పుట్టి పెరిగిన చోట నివసించు హక్కును చట్టము గుర్తించినది. రోము పురపాలక సంఘము 2001లో మరియొక అడుగు ముందుకు వేసి, కొలోసియములోను, ఫోరములోను, ఈ అర్జెంటీనా కూడలిలోను వసించు పిల్లులను నగరపు సాంస్కృతిక వారసత్వములో భాగముగ ప్రకటించెను. శిథిలములతో సమానముగ పిల్లులను గణించిన నగరము మరియొకటి నా యెరుకలో లేదు.

మెట్లు దిగి లోనికి పోయితిని. కప్పు తక్కువ, గుహను తలపించు గదులు, మందులవాసనయు, ఉతికిన దుప్పట్ల తడివాసనయు, పిల్లుల సహజగంధమును కలిసి ముక్కుపుటములకు తగులును. ఉదయపు పని అప్పుడే సాగుచుండెను. ఒకామె మట్టితొట్లను శుభ్రము చేయుచుండెను. ఇంకొకామె గిన్నెలను కడిగి వరుసగా బోర్లించుచుండెను. కన్నులలో చుక్కలు వేయుట కొకరు పిల్లిని తువాలులో చుట్టి పట్టుకొనగా మరియొకరు మందుసీసాను వంచుచుండిరి. ప్రతి పిల్లికిని పేరు కలదు. మన యూళ్లలో కిరాణా వర్తకుడు అరువుఖాతా వ్రాసికొనునట్లు, ఏ పిల్లి ఎప్పుడు వచ్చినది, ఎంత తిన్నది, ఏ మందు ఎన్నిమారులు పడినది, మలమెట్లున్నది అన్నియు ఒక పుస్తకములో వ్రాసియుంచిరి. నాకు ఆ స్థలమున అన్నిటికంటె గౌరవము గలిగించినది ఆ పుస్తకము. కరుణ యనగా కంటతడి యని మనలో చాలమంది భావింతురు. అక్కడ కంటతడి పెట్టుకొనుటకు ఎవరికిని తీరిక లేదు.

లోపలి గదిలో క్రొత్తగా వచ్చినవానిని బోనులలో వేరుగా నుంచిరి. పిల్లులలో ఒకదానినుండి మరియొకదానికి కాటువలన సోకి, రోగనిరోధకశక్తిని క్రమక్రమముగా క్షీణింపజేయు వైరసొకటి కలదు. మనుష్యులకు అది అంటదు. రక్తము పరీక్షించి అది లేదని తేలువరకు క్రొత్తదానిని గుంపులో కలుపరు. ఒక బోనులో నడిపిల్లి యొకటి, వీపున రోమములు లేక, ఎర్రని చర్మముపై క్రొత్తవెంట్రుకలు పలుచగా మొలచుచు, గోడవైపు ముఖము పెట్టుకొని కూర్చుండెను. ఎవరో దానిమీద మరుగుచున్నదేదో పోసిరట. ఎవరో యెవరికి తెలియును? నేను దగ్గరకు పోగా అది చెవులు వెనుకకు వంచి నేలకు అదుముకొనెను. నన్ను తోడ్కొనిపోయిన సేవిక, నడివయస్సు దాటిన ఇల్లాలు, నా మోచేతిని మెల్లగ వెనుకకు లాగి, ఆంగ్లములో, దానిని చూడక ప్రక్కకు తిరిగి నిలువుమని చెప్పెను. తేరి చూచుట పిల్లులలో పోరునకు పిలుపట. ఆమె తాను నేలపై కూర్చుండి, వీపును బోనువైపు త్రిప్పి, చేతిలో ఏదో కుట్టుపని పట్టుకొని, ఆ పిల్లి యున్నదన్న సంగతియే యెరుగనట్లు చాలసేపు ఉండిపోయెను. ప్రతిదినమును ఇట్లే కూర్చుందునని చెప్పినది. చేతినుండి తినుటకు దానికి ఎంతకాలము పట్టునని అడిగితిని. అది దాని యిష్టమనెను.

ఆమె మాటలవలననే నాకు మరియొక సంగతి తెలిసినది. మెట్ల పైనున్న గేటువద్ద అట్టపెట్టెలలోను సంచులలోను పిల్లులను ఉంచి పోవువారు వేసవిలో ఎక్కువట. ఇటలీలో ఆగస్టు నెల సెలవులకాలము, నగరము ఖాళీయగును, సముద్రతీరమునకు పోవు కుటుంబమునకు ఇంటిలోని పిల్లి అడ్డము. శీతకాలమున పండుగ బహుమానముగ వచ్చిన కూన వేసవినాటికి పెరిగి పెద్దదై బరువగును. దేశచట్టము దీనిని ఉపేక్షింపలేదు. జంతువును విడనాడినవానికి ఒక సంవత్సరమువరకు నిర్బంధముగాని, వేయి మొదలు పదివేల యూరోలవరకు జరిమానాగాని విధింపవచ్చునని 2004లో శాసించిరి. అయినను పెట్టెలు ఆగలేదు.

ఆమె చెప్పుచుండగా నా మనస్సు మన యూళ్లమీదికి పోయెను. మన తెలుగునాట పిల్లిని చంపుట మహాపాపమని ఎరుగని ముసలమ్మ లేదు. చంపినవాడు బంగారు పిల్లిని చేయించి దానమియ్యనిదే ఆ పాపము పోదని పెద్దలు చెప్పుదురు. ఆ భయము ఎన్ని పిల్లులను కాపాడెనో లెక్కలేదు. కాని అదే భయము మనకొక తెరువును చూపినది. పాలు త్రాగిపోవు పిల్లిని, వంటింటి అటుకమీద నాలుగు కూనలను పెట్టిన పిల్లిని గోనెసంచిలో కట్టి, బండిమీదనో సైకిలుమీదనో ఏటి ఆవలికో పొరుగూరి పొలిమేరకో తీసికొనిపోయి విప్పి వదలినచో పాపము లేదు. దిక్కు తెలియక తిరిగిరాకుండుటకై త్రోవలో సంచిని త్రిప్పువారును కలరు. తల్లిని ఒకచోటను కూనలను మరియొకచోటను వదలుటయు నేను చిన్ననాట చూచినదే. దానిని ఎవరును హింస యనలేదు. చంపలేదు గదా! ఆ తరువాత అది ఆకలిచేత చచ్చెనో, కుక్కల నోటబడి చచ్చెనో, మన చేతికి రక్తము అంటలేదు. పాపమును మన గడపనుండి పొరుగూరి గడపకు మోసికొనిపోవుటను పుణ్యముగ లెక్కించుకొనిన మన తృప్తి నాకు ఆ గుహలో నిలిచియుండగా దుర్భరమైనది.

మరి పిల్లిని గూర్చి మన వేదాంతులు చెప్పినదో! శ్రీవైష్ణవ సంప్రదాయమున భగవదనుగ్రహమును వివరించుటకు మార్జాలకిశోర న్యాయమును ఎత్తుకొనిరి. కోతిపిల్ల తన చేతులతో తల్లిని కరచి పట్టుకొనును. పిల్లికూన మాత్రము ఏ ప్రయత్నమును చేయదు, తల్లియే దానిని నోట కరచుకొని చోటునుండి చోటికి చేర్చును. శరణాగతునకు దైవము అట్టిదని తెంగలై ఆచార్యుల బోధ. తల్లిపిల్లి పట్టులోని ఆ మెత్తదనమును గమనించి, దానియందు పరమేశ్వరుని కరుణను దర్శించిన జాతి మనది. ఆ తల్లిని గోనెసంచిలో కట్టినదియు మనమే. 1960లో మనదేశమున జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. రాజ్యసభ సభ్యురాలుగ నున్న రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల దాని వెనుక కలదు. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును కారణము లేక విడిచిపెట్టుట నేరమని అందు స్పష్టముగ వ్రాసిరి. తొలి తప్పునకు జరిమానా పది రూపాయలకు తగ్గక, యాబది రూపాయలకు మించకుండవలెనట! ఆనాటి యాబది రూపాయల విలువ వేరు. ఆ అంకె మాత్రము అక్కడనే నిలిచిపోయినది.

ఏ పిల్లిని ఇంటికి ఇయ్యవచ్చును, ఏ పిల్లిని గుంపులో విడువవలెను అను వివేకమే ఈ శరణాలయపు పనిలో మిక్కిలి సున్నితమైనది. పిల్లికూన పుట్టిన రెండవ వారమునుండి ఏడెనిమిది వారములవరకు మనుష్యస్పర్శను ఎరిగినచో జీవితాంతము మనిషిని నమ్మును. ఆ గడువు దాటిపోయిన వీథికూనకు మానవుడు ఎప్పటికిని భయంకర మృగమే. అట్టిదానిని జాలిపడి నాలుగుగోడల నడుమ బంధించుట దానికి శిక్ష. అందుచే దానికి శస్త్రచికిత్స చేసి, మత్తులో నుండగనే చెవికొనను గుర్తుగ కత్తిరించి, తన రాళ్లమధ్యకు పంపుదురు. ఆ గుర్తును చూచి మరల దానిని పట్టి బాధింపరు. ఇండ్లలో పెరిగి వెళ్లగొట్టబడినది వేరు. దానికి వేట రాదు, పోరు రాదు, వీథి తెలియదు. గుంపులోని పిల్లులు దానిని తరుమును. దానికి ఇల్లే గతి. ఆడుపిల్లి అయిదారు నెలలకే ఈడేరుననియు, తొమ్మిది వారములలో ఈనుననియు తలచినచో, ఒక్క పిల్లిని ఆలస్యముగ పట్టినందుచేత ఎంత దుఃఖము పెరుగునో ఊహింపవచ్చును.

దత్తతకు వచ్చువారిని వీరు ప్రశ్నించు తీరు చూచితిని. సంబంధమునకు వచ్చినవారిని మన పెద్దలు అడుగు ప్రశ్నలకంటె అవి తక్కువ కాదు. ఇల్లు ఎన్నవ అంతస్తులో నున్నది, కిటికీలకు వల కలదా, ఇంటిలో ఎవరికైన పిల్లిరోమము పడదా, సెలవులకు పోయినప్పుడు ఎవరు చూతురు, వారికి జబ్బుచేసిన యెడల ఎవరికి అప్పగింతురు? ఒక యువదంపతులు తెల్లని కూనకై వచ్చి, ఈ ప్రశ్నలకు విసిగి వెడలిపోయిరి. సేవిక వారిని ఆపలేదు. ఇచ్చుటకు ఆత్రపడినచో ఇచ్చినది తిరిగి పెట్టెలో వచ్చునని ఆమె యనుభవము. కూనలను ఎల్లరును కోరుదురు. ముసలివానిని, ఒంటికంటివానిని, నల్లనివానిని అడుగువారు తక్కువ. నల్లపిల్లిపై యూరపువారికి గల భయము పాతది. గ్రెగొరీ తొమ్మిదవ పోపు 1233లో పంపిన లేఖలో మతభ్రష్టుల క్షుద్రపూజలను వర్ణించుచు నల్లపిల్లిని పేర్కొనెను. ఎదురైన పిల్లిని చూచి ప్రయాణము ఆపి గడపలో కూర్చుండి మంచినీళ్లు త్రాగి బయలుదేరు మనము వారిని ఎత్తిపొడువ నర్హులము కాము. ఎవరికిని ఇయ్యరాని రోగులకు, గ్రుడ్డివానికి దూరదత్తత యను ఏర్పాటు కలదు: పిల్లి అక్కడనే యుండును, ఎక్కడనో నున్న మనిషి నెలనెల దాని ఖర్చు పంపును. ఎందరో విదేశీయులు అట్లు పంపుచున్నారు. నేనును ఒకదానిపేర వ్రాసియిచ్చితిని.

ఈ పనికి విమర్శకులు లేకపోలేదు. శరణాలయము ప్రాచీనాలయపు నేలపై అనుమతిలేక నడుచుచున్నదనియు, తొలగవలెననియు 2012లో పురాతత్త్వశాఖాధికారులు పట్టుబట్టిరి. పిల్లుల పక్షమున దేశదేశముల జనులు సంతకములు చేసి పంపిరి, శరణాలయము నిలిచినది. 2023 జూన్ నెలనుండి ఆ ఆలయముల నడుమకు సామాన్యజనులు దిగి నడచుటకు త్రోవలు వేసి తెరచిరి. పిల్లులును వానిపై నిశ్చింతగ తిరుగుచున్నవి. పురాతత్త్వవేత్తల పక్షమును నేను తేలికగా త్రోసివేయను; రెండువేల యేండ్ల రాయి ఒకసారి చెడినచో మరల రాదు. అయినను ఆ రాళ్లను కట్టినవారును మనుష్యులే, ఆ రాళ్లమధ్య జీవమును విడనాడినవారును మనుష్యులే గనుక, రెండింటి భారమును ఒకే నగరము వహించుటలో నాకు అనౌచిత్యము తోపలేదు.

నన్ను ఆలోచింపజేసిన విమర్శ వేరొకటి కలదు. 1991 మొదలు 2000 వరకు రోములో ఎనిమిదివేలకు దగ్గరగ పిల్లులకు శస్త్రచికిత్స చేసి తిరిగి విడిచిరి. అట్టి 103 సమూహములను పరిశీలించిన జీవశాస్త్రజ్ఞులు 2006లో తమ ఫలితములను ప్రకటించుచు, 55 చోట్ల సంఖ్య తగ్గినదనియు, 20 చోట్ల స్థిరముగ నున్నదనియు, 28 చోట్ల పెరిగినదనియు చెప్పిరి. ఇంత శ్రమకు ఇంతేనా యని కారణమరయగా, బయటనుండి వచ్చి చేరిన పిల్లుల పాలు దాదాపు 21 శాతము. అందులో ఇండ్లనుండి తెచ్చి వదలబడినవియు కలవు. ఇంటిపిల్లికి శస్త్రచికిత్స చేయింపని గృహస్థుని మార్పనంతకాలము ఈ ధనమును, ఈ కాలమును, ఈ శక్తియు నీళ్లపాలగుచున్నవని వారు నిర్మొగమాటముగ తేల్చిరి. ఆ మెట్లు ఎక్కి దిగు స్త్రీలకు ఈ సంగతి పరిశోధన ప్రకటింపకమునుపే తెలియును. తెలిసియు మానలేదు. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో నెలకొల్పిన బ్లూక్రాసు మొదలైన సంస్థలలో పనిచేయువారిది కూడ ఇదే అనుభవమని నేను నమ్ముదును. గేటు లోపల చేయు పనిని గేటు బయటి లోకము ఏ రాత్రికారాత్రి చెరుపుచుండును.

సాయంకాలము సెస్టియసు పిరమిడుకు పోయితిని. క్రీస్తుపూర్వము 12వ యేటికి పూర్తియైన ఆ తెల్లని సమాధి నీడలో మరియొక పిల్లుల గుంపు కలదు. గోడకు ఆవల కాథలికులు కానివారి శ్మశానవాటిక. ఆంగ్లకవులు కీట్సు, షెల్లీ, ఇటలీ రాజకీయ చింతకుడు గ్రాంసీ అక్కడనే యున్నారు. అక్కడి పిల్లులు ఎక్కువభాగము వృద్ధులు. చూచుటకు వచ్చిన విద్యార్థులు ఇరువురు సమాధిని విడిచి పిల్లి ఫొటోలు తీయుచుండగా, కావలియున్న సేవిక వారిచే దాని నీళ్లగిన్నెను కడిగించెను.

రోమునుండి బొలోన్యాకు పోవు రైలులో నాకు ఊహింపని సహవాసము దొరకినది. చిన్న జంతువులను పెట్టెలో నుంచుకొని ఆ దేశపు రైళ్లలో టిక్కెట్టు లేకుండగనే తీసికొనిపోవచ్చును. నా ఎదుటి ఆసనములో ముప్పదియేండ్ల స్త్రీ యొకతె ఒడిలో అట్టి పెట్టె నుంచుకొని, తలుపుకంతలోనుండి రెండువ్రేళ్లు లోనికి పెట్టి కూర్చుండెను. లోపల మూడువన్నెల ఆడుపిల్లి. దానిని పెంచిన వృద్ధురాలు ఒంటరిగ మరణింపగా, బంధువులు సామానులు తీసికొనిపోయి ఇల్లు తాళమువేసిరట; లోపల పిల్లి యుండిపోయినది. గోడకావలివారు అరపులు విని చెప్పగా తలుపు తెరిపించిరి. అప్పటికి అది ఎముకలగూడు. నెలలతరబడి మందులు, సేవ యైన పిమ్మట బొలోన్యాలోని ఒక ఉపాధ్యాయ కుటుంబము దానిని అడిగినది. ఒక ఊరివారు మరియొక ఊరివారికి ఇట్లు చేతులు మార్చుచు ఉత్తరమున నున్న ఇండ్లవరకు పిల్లులను చేర్చు స్వచ్ఛందసేవకులు ఆ దేశమునిండ కలరనియు, తాను సెలవుదినములలో ఈ పని చేయుదుననియు ఆమె చెప్పెను.

ఫ్లోరెన్సు దాటిన పిదప రైలు అపెన్నీను పర్వతములలో చొచ్చును. 2009లో తెరువబడిన ఆ మార్గము దాదాపు అంతయు సొరంగములే. చీకటి, చెవులు దిమ్మెక్కించు గాలి యొత్తిడి. పిల్లి బిగ్గరగ ఏడ్చినది. ఆమె తన శాలువను పెట్టెమీద కప్పి, ఎవరేమనుకొందురో యను శంక లేక, దానితో మాటలాడుచునే యుండెను. ఆ భాష నాకు రాదు. బోగీలో కొందరు ముఖము చిట్లించిరి. ఒక ముదుసలి లేచి వచ్చి పెట్టెప్రక్కన కూర్చుండెను.

బొలోన్యా స్టేషనులో తండ్రి, తల్లి, పదేండ్ల పిల్లవాడు కాచియుండిరి. పెట్టెను వెంటనే ఇయ్యలేదు ఆమె. బల్లపై కూర్చుండి కాగితములు విప్పి, టీకాలు ఎప్పుడు పడినవో, చర్మము క్రింది చిప్పుసంఖ్య ఏదో చూపించి, సంతకములు చేయించుకొని, మొదటి దినములలో ఒక్క గదిలోనే యుంచవలెననియు, మంచముక్రింద దాగినచో లాగవలదనియు, తిండి మానినచో ఒక్క దినముకంటె ఎక్కువ ఆగక వైద్యునియొద్దకు పోవలెననియు చెప్పుచు, చివరకు పిల్లవానివైపు తిరిగి, అది నీ యొద్దకు వచ్చువరకు నీవు దాని యొద్దకు పోవలదని అతనిచే మాట తీసికొనెను. పిల్లవాడు గంభీరముగ తల యూపినాడు. వారు వెడలిన పిమ్మట ఆమె తిరుగుబండి ఏ ప్లాట్‌ఫారమునకు వచ్చునో బోర్డు చూచుకొనెను. ఆ రాత్రికే రోము చేరవలెనట. మరునాటి యుదయము దవడ విరిగిన పిల్లి యొకదానికి శస్త్రచికిత్స కలదనియు, దానిని వైద్యశాలకు చేర్చు వంతు తనదేననియు చెప్పి, నా సెలవు తీసికొని పోయెను.